దట్టీ ముడి

నా పెండ్లి రోజు కంటే నాకు బాగా గుర్తున్న రోజు ఇంకొకటుంది. ఈ మాట నా భార్య ముందర అంటే ఆమె ఇప్పటికీ మూతి తిప్పుకుంటుంది. అయినా నిజం చెప్పక తప్పదు. మా వీధి పీరును ఎత్తుకుని నేను నిప్పుల గుండం తొక్కిన రోజు అది. ఇన్నేళ్ళయినా దాని గురించి చెప్పబోతే చాలు, నాకు మాటలు ఒకదాని మీద ఒకటి పడి వస్తాయి.

మాది కమలాపురం దగ్గర సాలెవాళ్ళ ఊరు. తెల్లదొరల పాలన ఇంకా నడుస్తున్న కాలం. ఇంటింటా గుంట మగ్గం, వీధి చివర పీర్లచావిడి. మొహర్రం నెలవంక కనపడగానే చావిడి తలుపులు తెరిచి, పెట్టెలోని పీర్లను బయటికి తీసేవాళ్ళు. పీరంటే ఇత్తడి హస్తం. దాన్ని కడిగి, గంధం పూసి, పొడుగాటి కర్రకు ఎక్కించి నిలబెడతారు. పదో రోజు తెల్లవారుజామున చావిడి ముందరి గుండంలో నిప్పులు పరిస్తే, పీర్లను ఎత్తుకున్నవాళ్ళు ముందు నడుస్తారు, మొక్కుకున్నవాళ్ళు వాళ్ళ వెనక నడుస్తారు. చావిడి పెద్ద ముజావరు. ఆయన దూదేకుల ముసలాయన. పెద్దపీరును ఎత్తేది మాత్రం మా సాలె వీధిలోని మా ఇల్లే. అది ఎట్లా వచ్చిందో ఎవరూ అడగలేదు. ఇంటికి మగ్గం ఎట్లా వచ్చిందో అదీ అట్లే వచ్చిందనుకున్నాం.

నా చిన్నతనమంతా మా చిన్నాయన ఎత్తినాడు. నేను పాకే వయసులోనే మా నాయన పోతే నన్ను పెంచిందీ, మగ్గం గుంటలో కూర్చోబెట్టిందీ ఆయనే. ఆయనకు పిల్లలు లేరు. ఆయన పీరు పట్టుకుని గుండంలో దిగుతుంటే నాకు ఒళ్ళంతా పులకరించేది. నేనెప్పుడు ఎత్తుతానా అని రాత్రుళ్ళు కలవరించేవాడిని. ఒకసారి కలలో పీరు ఎత్తుకుని మంచం మీద నుంచి కింద పడ్డాను కూడా.

నాకు పెండ్లయిన ఏడాది చిన్నాయన చేతులకు వణుకు వచ్చింది. అడ్డపోగును మోసుకుపోయే నాడె విసిరితే అవతలి చేతికి అందక పడుగులోనే చిక్కుకునేది. ఒకనాడు ఆయన నన్ను వెంటబెట్టుకుని చావిడికి పోయి, ఇక తన వల్ల కాదని ముజావరుతో చెప్పేసినాడు.

"మీ ఇంట్లో ఈ పిల్లోడు ఉండాడు గదప్పా" అన్నాడు ముజావరు తాత నా వైపు చూస్తూ.

"వీడా?" అన్నాడు చిన్నాయన. "వీనికి కుదురు లేదు. వీడు నిప్పుల మీద నడవడు, దుముకుతాడు. వేరే ఇల్లు చూసుకోండి."

పీరు ఒక ఇల్లు దాటి పోయిందంటే మళ్ళీ ఆ ఇంటికి రాదు. అట్లా పోగొట్టుకున్న ఇండ్లు మా వీధిలోనే ఉన్నాయి. అయితే చిన్నాయన అన్నది అబద్ధమని నేను వాదించలేను. అన్నం చల్లారకముందే నోట్లో పెట్టుకుని అరిచే మనిషిని. ఎదుటివాడు మాట ముగించకముందే జవాబు చెప్పే మనిషిని. మగ్గం మీద నాడె అంత వేగంగా విసిరేవాళ్ళు మా వీధిలో ఇంకెవరూ లేరు, అన్ని పోగులు తెంపేవాళ్ళూ ఇంకెవరూ లేరు. పోగు తెగడం, నేను అటు చూడకుండానే దానికి ముడి వేయడం, మళ్ళీ నాడె విసరడం. ముడి వేయడంలో మాత్రం నన్ను మించినవాడు లేడని చిన్నాయనే వెక్కిరించేవాడు.

సాయంత్రం నేనొక్కడినే మళ్ళీ చావిడికి పరుగెత్తినాను. తాత గడపలో కూర్చుని దూది ఏకుతున్నాడు. నాకు నేర్పమని అడిగినాను.

"రేపు పొద్దున రా" అన్నాడు.

"ఇప్పుడే మొదలుపెడదాం తాతా."

"అందుకే రేపు రమ్మంటాండా" అని ఆయన మళ్ళీ దూది ఏకుకున్నాడు.

ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. తెల్లవారకముందే పోయి చావిడి ముందర కూర్చున్నాను. తాత వచ్చి, నీళ్ళు నిండా పోసిన సత్తుచెంబు ఒకటి పొడుగాటి వెదురుకొసకు కట్టి నా చేతికిచ్చినాడు. దాన్ని నిలువుగా పట్టుకుని బావి దాకా పోయి రావాలి. తలెత్తి చెంబును చూడకూడదు. నేను నాలుగు అడుగులు వేసేసరికి నెత్తిన నీళ్ళు పడినాయి. నీళ్ళకు పోతున్న ఆడవాళ్ళు నవ్వినారు. మళ్ళీ నింపుకుని బయలుదేరితే ఈసారి చెంబే వచ్చి భుజం మీద పడింది.

తాత తిట్టలేదు, ఎట్లా నడవాలో చెప్పలేదు. రోజూ అదే వెదురు, అదే చెంబు. కోపం వచ్చి ఒకనాడు వెదురు కింద పడేసి, "గుండానికీ ఈ నీళ్ళకూ ఏం సంబంధం తాతా?" అని అడిగినాను.

"గుండంలో పరుగెత్తినావనుకో, నీ మడమలు నిప్పుల్ని ఎనక్కి ఎగజిమ్ముతాయి" అన్నాడాయన. "నీకేం గాదు, నువ్వు దాటిపోయింటావు. నీ ఎనకాల బిడ్డనెత్తుకున్న తల్లి వస్తాంటాది. ఆ నిప్పులు యాడ పడతాయో నువ్వే చెప్పు."

ఆ మాట నాకు బాగా తగిలింది. అన్నేళ్ళు చిన్నాయనను చూసి పులకరించిపోయినవాణ్ణి, ఆయన వెనక నడిచేవాళ్ళను ఒక్కసారి కూడా చూడలేదు. పీరును చూసినాను, నిప్పులు చూసినాను, ఆ పీరు పట్టుకుని నన్ను నేను చూసుకున్నాను. అంతే.

మరునాటి నుంచి వెదురు బరువు తగ్గినట్టనిపించింది. చెంబు మీద ధ్యాస పెట్టడం మానేసి పాదాల మీద పెట్టినాను. నీళ్ళు ఒలకకుండా బావి దాకా పోయి వచ్చిన రోజు నాకు పట్టలేని సంతోషం కలిగి, తాతకు చూపించాలని పరుగెత్తినాను. ఆ పరుగులో చెంబెడు నీళ్ళూ నా మీదే పడినాయి. తాత నోట్లో పండ్లు లేవు గానీ ఆ రోజు నవ్విన నవ్వు మాత్రం నిండుగా ఉంది.

ఇంకొక పాఠం ఊదుది. మట్టి పిడతలో బొగ్గులు రాజేసి, వాటి మీద సన్నగా బూడిద పట్టేదాకా ఆగి, అప్పుడు ఊదు చల్లాలి. ముందే చల్లితే భగ్గుమని మండి నల్లపొగ వస్తుంది. ఆగి చల్లితే తెల్లటి పొగ మెల్లగా లేచి చావిడంతా కమ్మగా అవుతుంది. ఆ ఆగడం ఎంత కష్టమో నాలాంటివాణ్ణి అడగండి. బొగ్గుల ముందర కూర్చుని నా చేతిని నేనే ఇంకొక చేత్తో పట్టుకునేవాడిని.

అన్నిటికంటే నవ్వులపాలు చేసింది నోటి పాఠం. ఎవరేమన్నా సరే, ఒకసారి ఎంగిలి మింగి ఆ తర్వాత జవాబు చెప్పాలి. అప్పుడప్పుడే కాపురానికి వచ్చిన నా భార్య, "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడుగుతుంది. నేను గుటక వేస్తాను. ఆమె, "ఏమి, అంత బాగలేదా?" అంటుంది. నేను మళ్ళీ గుటక వేస్తాను. ఆమె కంచం లాక్కుని పోతుంది. వీధిలో నా ఈడువాళ్ళు నన్ను చూస్తే చాలు, గొంతు పట్టుకుని గుటకలు వేసి చూపించేవాళ్ళు. ముందైతే కొట్లాటకు దిగేవాణ్ణి. అప్పుడు గుటక వేసేసరికి నాకే నవ్వు వచ్చేది.

చిన్నాయన మాత్రం నవ్వలేదు. ఆయన మగ్గం మీద ఆకుపచ్చ దట్టీ నేస్తున్నాడు. దట్టీ అంటే పీరుకు కట్టే గుడ్డ. ఏటా మొదటి దట్టీ మా ఇంటిదే. చేతులు వణుకుతుంటే పక్కంచు వంకర్లు పోతూ ఉంది. నేను నేస్తానంటే వినలేదు. "నువ్వు నేస్తే మూణ్ణాళ్ళకు అయిపోతాదిలే, ముడులతో గూడా" అన్నాడు. నేను గుటక వేసి ఊరుకున్నాను.

నెలవంక కనపడింది. ఆ ఏడు పండుగ ఎండాకాలంలో పడింది. ముజావరు తాత నా మెడలో ఎర్రదారం వేసి నన్ను ఫకీరును చేసినాడు. అంటే చెప్పులు లేవు, మంచం లేదు, ఒక్కపొద్దు భోజనం, పరుషమైన మాట రాకూడదు. రోజూ జోలె పట్టుకుని ఇంటింటికీ పోవాలి, పెట్టింది పుచ్చుకోవాలి. మా ఇంటి ముందర కూడా నిలబడినాను. నా భార్య ముసుగు సర్దుకుని, ఎవరో కొత్తమనిషికి పెట్టినట్టు జొన్నలు పోసి, గంభీరంగా లోపలికి పోయింది. తలుపు చాటున ఆమె కిలకిల నవ్వడం నాకు వినిపిస్తూనే ఉంది. మధ్యాహ్నపు ఎండలో నేల పెనం మాదిరి కాలేది. ఒకప్పుడు నీడ నుంచి నీడకు గెంతేవాణ్ణి. ఇప్పుడు అదే నడకతో, బావికి పోయినట్టే పోయేవాణ్ణి. కాళ్ళు మండేవి. కానీ నా కాళ్ళు నా మాట వింటున్నాయన్న సంబరం ముందర ఆ మంట ఒక లెక్క కాదు.

తొమ్మిదో రోజు సాయంత్రం తాత నన్ను పిలిచి పెద్దపీరు నా చేతిలో పెట్టినాడు. అప్పటిదాకా అంత సంతోషం నేను ఎరగను. ఆ ఇత్తడి హస్తం చల్లగా ఉంది. చిన్నాయన దూరంగా గోడకు ఆనుకుని చూస్తున్నాడు.

"దట్టీలు కట్టు. జారుముళ్ళు వెయ్యి. గుండం ముందర ఒక్క లాగుకు రావాల" అన్నాడు తాత. గుడ్డలు వేలాడుతుండగా నిప్పుల్లో దిగితే అంటుకుంటాయి. అందుకని గుండం అంచున అన్నీ విప్పి, మొక్కుకున్నవాళ్ళకు తిరిగి ఇచ్చేయడం ఆచారం. సరే తాతా అన్నాను. మొదట చిన్నాయన నేసిన ఆకుపచ్చ దట్టీ, ఆ పైన వీధివాళ్ళవన్నీ కట్టినాను. నా చేతులు ఎగిరెగిరి పనిచేసినాయి.

రాత్రంతా ఊరేగింపు. తప్పెట్లు, ఊదు పొగ, ప్రతి గడపలో పీరు మీద గంధపునీళ్ళు చల్లడం. తూర్పు తెల్లబడేసరికి గుండం ముందర నిలబడినాం. నిప్పులు బూడిద పట్టి, లోపల ఎర్రగా ఊపిరి పీలుస్తున్నట్టున్నాయి. ఊరంతా అక్కడే ఉంది. పక్క ఊళ్ళవాళ్ళు కూడా బండ్లు కట్టుకుని వచ్చినారు. పొద్దు పొడిస్తే పీరు ఇక గుండం తొక్కదు, నేరుగా చావిడికి పోవాల్సిందే.

తాత దట్టీలు విప్పుతూ వచ్చినాడు. ఒక్కొక్కటే ఒక్క లాగుకు వచ్చేసినాయి. చివరిది, అన్నిటికంటే అడుగున ఉన్నది, ఆకుపచ్చది. లాగినాడు. రాలేదు. ఇంకొకసారి లాగినాడు. ఆ తర్వాత నా ముఖంలోకి చూసినాడు.

పీరును వంచి చూసినాను. అది జారుముడి కాదు. మగ్గం మీద తెగిన పోగుకు వేసే ముడి. పీరు చేతికి వచ్చిన మొదటి క్షణపు ఆనందంలో, నన్ను అడగకుండానే, నా వేళ్ళు తమకు తెలిసిన ముడి వేసేసినాయి. ఆ పైన రాత్రంతా గంధపునీళ్ళు తాగి అది రాయయింది.

ఊరేగింపుకు లేచినాక పీరు కర్ర నేలకు తాకకూడదు. తాత కింద కూర్చుని కర్ర మొదలు తన భుజాన పెట్టుకున్నాడు. నేను ఎదురుగా కూర్చుని హస్తాన్ని ఒళ్ళో పెట్టుకుని గోళ్ళతో ముడి పీకినాను. అది ఇంకా బిగిసింది. వెనక జనం తోసుకుంటున్నారు. ఎందుకు ఆగిందని ఒకరినొకరు అడుగుతున్నారు. తప్పెట్లవాళ్ళు తెలియక ఇంకా జోరుగా కొడుతున్నారు. తూర్పు కొండల మీద ఎరుపు పాకుతోంది.

చిన్నాయన జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చినాడు. ముడి చూసినాడు, నన్ను చూసినాడు.

"కొయ్యండి" అన్నాడు. "నేను నేసిన గుడ్డే గదా. ఎవరన్నా కత్తి తేండి. పొద్దు పొడుస్తాంది."

ఎవరో కత్తి అందించినారు. నేను తాత వైపు చూసినాను.

"పీరు ఎత్తినోని ఇష్టం" అన్నాడు తాత.

కత్తి నా కళ్ళ ముందర ఉంది. కోస్తే అయిపోతుంది. గుండం తొక్కవచ్చు, పీరు మా ఇంట్లోనే ఉంటుంది. కొయ్యకపోతే, పొద్దు పొడిస్తే, అన్నీ పోతాయి. నా చెయ్యి కత్తి మీదికి పోయింది కూడా. అప్పుడు ఆ దట్టీ అంచు కనపడింది, వంకర్లు పోయిన ఆ అంచు. ఆ చేతులు ఇంకొక దట్టీ నేయగలవని నాకు నమ్మకం లేదు. నోరు ఎండిపోయి ఉంది. ఎంగిలి లేకపోయినా గుటక వేసినాను.

"ఆగు చిన్నాయనా" అన్నాను.

ఆగమని నేను ఒకరికి చెప్పడం నా బతుకులో అదే మొదటిసారి. ఆయన ఆగినాడు.

చెప్పుకుంటే సిగ్గుచేటు, వేసిన ముడి విప్పడం నాకు తెలియదు. ఏ నేతగానికీ దాని అవసరం రాదు. ముడి వేసేది విప్పడానికి కాదు. చిక్కులు తీసే పని ఇంట్లో ఆడవాళ్ళది. నా భార్య నూలు చిక్కుపడితే లాగదు. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, ఏదో పాట కూనిరాగం తీస్తూ, మెత్తగా రుద్దుతూ కూర్చుంటుంది. అది చూసి నేను ఎన్నోసార్లు విసుక్కున్నాను. ఆ ముడిని అరచేతుల మధ్య పెట్టుకున్నాను. రుద్దినాను. తప్పెట్లు వినడం మానేసినాను. కొండల వైపు చూడలేదు. బొగ్గుల మీద బూడిద పట్టేదాకా కూర్చున్నట్టే కూర్చున్నాను. లోపలి మడత కొంచెం మెత్తబడింది. లాగకుండా, కొసను లోపలికి తోసినాను. ఇంకొంచెం తోసినాను. ముడిలో సందు కనపడింది.

దట్టీ నా ఒళ్ళో పడింది. దాన్ని మడిచి చిన్నాయన చేతికి ఇచ్చి పీరు ఎత్తుకుని లేచినాను. కొండ అంచు బంగారంలా మెరుస్తోంది గానీ పొద్దు ఇంకా తల ఎత్తలేదు.

దిగినాను. అబద్ధమెందుకు, చుర్రుమన్నది. మొదటి అడుగుకే పరుగెత్తాలని ఒళ్ళంతా లాగింది. బావికి పోతున్నాను, అంతే అనుకున్నాను. నా మొలకు కట్టిన గుడ్డ కొస పట్టుకుని నా వెనక ఎవరో నడుస్తున్నారు. ఆ వెనక ఒక పసిబిడ్డ ఏడుస్తోంది. ఆ ఏడుపు దగ్గరగా, అదే దూరంలో, నాతో పాటు వస్తోంది. ఒక్క నిప్పురవ్వ కూడా లేవలేదు. అంతటి ఆనందం నాకు మళ్ళీ కలగలేదు. అరవాలనిపించింది, పాడాలనిపించింది. ఏదీ చెయ్యకుండా, అంత సంతోషాన్నీ మోసుకుంటూ మెల్లగా నడిచినాను. అవతలి గట్టు ఎక్కేసరికి ఎండ నా మొహాన పడింది.

గట్టు మీద బిందెలతో నిలబడినవాళ్ళు గుండం దాటినవాళ్ళ కాళ్ళకు నీళ్ళు పోస్తారు. ఒకామె నా వైపు రాబోతుంటే, గుండం పక్కగా తాతతో పాటు చుట్టి వచ్చిన చిన్నాయన ఆమె చేతిలోని బిందె తీసుకున్నాడు. వచ్చి నా ముందర గొంతుక్కూర్చున్నాడు. నా పాదం ఒక చేత్తో పట్టుకున్నాడు.

నేను గబుక్కున వెనక్కి జరగబోయినాను. నన్ను ఎత్తి పెంచిన మనిషి. పండుగలకు నేను ఆయన కాళ్ళకు మొక్కాలి గానీ ఆయన నా కాళ్ళు పట్టుకోవడమేమిటి. పీరు పట్టుకున్నవాడు వంగకూడదు, ఎవరికీ మొక్కకూడదు. ఆయనను లేపడానికి నా రెండు చేతులూ ఖాళీ లేవు.

"కదలాకు నాయనా" అన్నాడు తాత నా చెవి దగ్గర.

వెదురు, ఊదు, ఎండ, నిప్పులు, వీటన్నిటిలోనూ ఇంత కష్టం లేదు. నా కండ్లలో నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకునే వీలు కూడా లేదు. చిన్నాయన చేతులు వణకడంతో నీళ్ళు సగం పాదం మీద, సగం మట్టిలో పడుతున్నాయి. ఆయన పాదం వంచి, మడమ చూసి, వేళ్ళ సందులు వేలితో తుడిచినాడు. తల ఎత్తలేదు.

"ఆ కాలు గూడా సాపు" అన్నాడు.

కదలకుండా, ఏడుస్తూ, రెండో కాలు ఆయన చేతిలో పెట్టినాను.